వంటింటికి ఏ ఫ్లోరింగ్ వేయించాలి? తక్కువలో అయిపోవాలి, గట్టిగా ఉండాలి

పేట_కోడలు
జనవరి 19, రాత్రి 9:42

అందరికీ నమస్తే అండీ. మాది చిలకలూరిపేట. ఇల్లు 1998లో మామయ్యగారు కట్టించింది, వంటింట్లో అప్పట్లో వేసిన అడుగు బై అడుగు సిరామిక్ టైల్సే ఇంకా ఉన్నాయి, వాటి మీద పువ్వుల డిజైన్ ఉండేదంట, నేను కాపురానికి వచ్చేసరికే చెరిగిపోయింది. ఇప్పుడు సింకు దగ్గర నాలుగైదు టైల్స్ కిందకి దిగాయి, రెండు పగిలాయి, మొన్న ఆ అంచు తగిలి మా చిన్నాడి బొటనవేలు తెగింది. పండగ అయిపోయింది కదా ఇక చేయించేద్దాం అనుకుంటున్నాం.

వంటిల్లు 12 బై 10. ఇంట్లో ఆరుగురం. అత్తయ్యకి మోకాలి ఆపరేషన్ అయ్యి ఏడాదైంది, జారే నేల అస్సలు కుదరదు. కానీ రోజూ బకెట్ నీళ్ళు పోసి కడగందే ఆవిడకి ఇల్లు శుభ్రమైనట్టు ఉండదు. పచ్చళ్ళు కలిపేది, అరిసెలు వత్తేది అంతా కిందే. గ్యాస్ సిలిండర్ ఈడ్చేది కూడా ఈ నేల మీదే, కొబ్బరికాయ కొట్టేదీ ఈ నేల మీదే (ఎన్నిసార్లు చెప్పినా మా ఆయన వినరు).

కూలీతో కలిపి 25 వేలలో అయిపోవాలి. ఒక షాపువాడు డబుల్ ఛార్జ్ తీసుకోమంటాడు, ఇంకొకడు జీవీటీ అంటాడు, మామయ్యగారేమో మార్టూరు పక్కనే పెట్టుకుని టైల్స్ ఏంటి గ్రానైట్ వేయించండి అంటారు. నాకు తల తిరుగుతోంది. వాడినవాళ్ళు చెప్పండి.

ఇందూరు_చిన్నోడు
జనవరి 19, రాత్రి 10:05

అక్కా ఏం సోంచాయించకు, తాండూరు బండలు పరిపించు. మా నాయన 1986ల మా ఇంట్ల పరిపించిండు, వంటింట్ల, అర్రల, వాకిట్ల అన్నీ గవే. ఇగ ఇప్పటిదాంక ఒక్క బండ పగల్లే. మా అవ్వ రోకలితోని కారం దంచేది గా బండల మీదనే రోలు పెట్టి. ఎండకాలం సల్లగ ఉంటయి, పండుకుంటే నిద్ర మస్తు పడ్తది. టైల్స్ మీద పండుకుంటే నడుం పట్టుకుంటది.

బనగానపల్లె_బుజ్జి
జనవరి 19, రాత్రి 10:31

తాండూరు దాకా ఎందుకప్పా, మా బేతంచర్ల నాపరాళ్ళు లేవా. మా పక్క ఊర్లన్నీ ఇవే. తాండూరు రాయి అయినా షాబాద్ రాయి అయినా మా రాయి అయినా జాతి ఒకటే, అన్నీ సున్నపురాయే. పేటకు మా పక్కనుంచే లోడ్లు వస్తాయి, రేటు కూడా తక్కువ పడుతుంది.

కాకపోతే ఒక మాట నిజం చెప్పాల. సున్నపురాయికి పులుపు పడదు. మా ఇంట్లో పాలిష్ పట్టించినాము, చింతపండు పులుసు ఒలికి తెల్లారేదాకా చూడకపోతే ఆడ తెల్లగా మచ్చ అయిపోతుంది, ఎంత తుడిచినా పోదు, ఎందుకంటే అది మరక కాదు, రాయి మీద పాలిష్‌నే పులుపు తినేసింది. నిమ్మకాయ చెక్క పడినా అంతే. ఇంక ఎవరైనా బాత్రూమ్ కడిగే యాసిడ్ తెచ్చి వంటింట్లో పోసినారా, బుసబుసా పొంగుతాది, ఇంక ఆ రాయి సంగతి మర్చిపోండి. పాలిష్ లేకుండా గరుకుగా వదిలేస్తే మచ్చ అంతగా కనపడదు, జారదు కూడా. మా జేజి ఇంట్లో అట్లనే ఉండాది.

పేట_కోడలు
జనవరి 19, రాత్రి 10:50

అమ్మో యాసిడా. మా అత్తయ్య నెలకోసారి యాసిడ్ పోసి కడుగుతారండీ వంటిల్లు. అందుకేనేమో సందుల్లో ఉన్న సిమెంటు అంతా పోయి పుల్ల పెడితే దిగుతోంది.

తాపీ_వారి_అబ్బాయి
జనవరి 20, ఉదయం 6:15

అక్కా నేను మేస్త్రీనే, మా నాన్న దగ్గర పని నేర్చుకున్నా, తెనాలి చుట్టుపక్కల చేస్తుంటాం. మీరు ఏ టైల్ వేయాలి అని అడుగుతున్నారు గానీ ముందు అడగాల్సింది సింకు దగ్గర నేల ఎందుకు దిగింది అని. 27 ఏళ్ళు దిగనిది ఇప్పుడు దిగిందంటే కింద ఏదో జరుగుతోంది. పందికొక్కులు తవ్వి ఉండాలి, లేకపోతే నీళ్ళు పోతూ ఉండాలి. మీరన్నట్టు సందుల్లో సిమెంటు పోతే రోజూ పోసే బకెట్ నీళ్ళలో కొంత కిందకే దిగుతాయి, ఫిల్లింగ్ మట్టి తడిసి తడిసి కుంగుతుంది. దాని మీద లక్ష రూపాయల రాయి పరిచినా రెండేళ్ళకి మళ్ళీ దిగుద్ది.

ఒక పని చేయండి. ఒక రూపాయి బిళ్ళ తీసుకుని సింకు దగ్గర నుంచి గుమ్మం దాకా ఒక్కో టైల్ మీద కొట్టుకుంటూ రండి. గట్టిగా టక్ మంటే కింద మాలు పట్టి ఉన్నట్టు. డబ్ డబ్ మని గుల్లగా మోగితే డొల్ల. ఎన్ని డొల్ల ఉన్నాయో లెక్కపెట్టి చెప్పండి.

పేట_కోడలు
జనవరి 20, ఉదయం 11:20

కొట్టానండీ, ఇంట్లో అందరూ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. మొత్తం 110 దాకా ఉన్నాయి ప్లాట్‌ఫాం కింద వదిలేస్తే. సింకు వైపు 19 డొల్ల. మధ్యలో ఇంకో ఆరు. మిగతావి గట్టిగానే మోగాయి.

వైజాగ్_వదిన
జనవరి 20, మధ్యాహ్నం 2:12

మాది వైజాగ్‌లో మూడో అంతస్తు ఫ్లాట్. మేము పాతవి పగలగొట్టకుండా టైల్ మీద టైల్ వేయించాం గమ్ తో, దుమ్ము లేదు ధూళి లేదు రెండు రోజుల్లో అయిపోయింది, పగలగొట్టే కూలి, మోసే కూలి మిగిలింది. గమ్ బస్తా మీద 'టైల్ మీద టైల్ వేయడానికి పనికొస్తుంది' అని రాసున్న రకమే తీసుకోవాలి, మామూలుది పట్టదు. నేల ముప్పావు అంగుళం దాకా పైకి వచ్చింది, తలుపు కింద కోయించాల్సి వచ్చింది, అది ఎవరూ ముందు చెప్పలేదు, తలుపు తెరవబోతే ఇరుక్కుపోయింది ఆ రాత్రి మేము హాల్లోనే కూర్చుని ఇడ్లీలు తెప్పించుకుని తిన్నాం.

తాపీ_వారి_అబ్బాయి
జనవరి 20, మధ్యాహ్నం 2:40

వదినా మీది ఫ్లాట్ కాబట్టి కింద స్లాబ్ ఉంది, దిగే ప్రసక్తి లేదు. వాళ్ళది నేల మీద ఇల్లు, పైగా 25 డొల్ల. డొల్ల టైల్ మీద ఇంకో టైల్ అంటించడం అంటే పుచ్చు పన్నుకి క్యాప్ వేయడమే. పగలగొట్టాల్సిందే.

తెగ_సందేహాలు
జనవరి 20, సాయంత్రం 5:03

వినైల్ షీట్ వేసేయొచ్చుగా? చాప పరిచినట్టు పరిచేయడమే, చెక్క డిజైన్లో దొరుకుతోంది, అడుగు 40 లోపే చూశాను. ఎందుకు ఇంత గొడవ.

ఫ్రిస్కో_బెజవాడ
జనవరి 20, రాత్రి 8:47

మా ఇంట్లో (టెక్సాస్) వంటింట్లో వినైల్ పలకలే ఉన్నాయి, ఆరేళ్ళుగా బాగానే ఉంది. కానీ ఇక్కడ ఎవరూ నేల మీద నీళ్ళు పొయ్యరు, పిండిన మాప్‌తో తుడుస్తాం అంతే, నేల మీద తూము కూడా ఉండదు. మా అమ్మ వచ్చినప్పుడు ఆరు నెలలూ ఇదే బాధ, కడగడానికి లేని వంటిల్లు వంటిల్లేనా అని. ఒకరోజు నేను ఆఫీసుకి వెళ్ళాక ఒక చెంబు నీళ్ళు పోసి కడిగింది, డిష్ వాషర్ ముందు రెండు పలకల అంచులు లేచాయి ఇప్పటికీ అలాగే ఉన్నాయి. సిలిండర్ ఈడ్చే ఇంటికి, బకెట్ నీళ్ళు పోసే ఇంటికి ఇది వద్దే వద్దు. నిండు సిలిండర్ అంటే గ్యాస్ 14.2 కిలోలు, ఖాళీ డబ్బా బరువు ఇంకో 15 పైన, మొత్తం 30 కిలోల ఇనుప అంచు ఒక్క ఈడుపుకి వినైల్‌ని చీల్చేస్తుంది.

సివిల్_సారు
జనవరి 20, రాత్రి 10:15

డబుల్ ఛార్జ్, జీవీటీ అంటూ షాపులవాళ్ళు కంగారు పెడతారు, విషయం చిన్నదే చెబుతాను. మీ పాత టైల్ సిరామిక్, అది నీళ్ళు పీలుస్తుంది, పైన పల్చని గ్లేజు పూత, కిందది మట్టి ముద్ద. వెట్రిఫైడ్ అంటే ఎక్కువ వేడిలో కాల్చి గాజులా గట్టిపరిచింది, నీళ్ళు పీల్చడం అర శాతం లోపే. వంటింటి నేలకి వెట్రిఫైడే, అందులో అనుమానం లేదు.

వెట్రిఫైడ్‌లో మళ్ళీ ముఖ్యంగా మూడు రకాలు. జీవీటీ అంటే ముద్ద ఒకటి, దాని పైన ప్రింటు కొట్టి గ్లేజు పూస్తారు, వెయ్యి డిజైన్లు దొరుకుతాయి, కానీ రోకలి పడి పెచ్చు లేస్తే కింద వేరే రంగు బయటపడుతుంది. డబుల్ ఛార్జ్ అంటే రెండు పొరల పొడి కలిపి నొక్కుతారు, రంగు పొర మూడు నాలుగు మిల్లీమీటర్లు మందం ఉంటుంది కాబట్టి అరిగినా తెలియదు, కానీ దాదాపు అన్నీ నున్నటి పాలిష్‌లోనే వస్తాయి, నీళ్ళు నూనె కలిస్తే ఐస్ గడ్డే. ఫుల్ బాడీ అంటే పై నుంచి కింద దాకా ఒకటే రంగు, పెచ్చు లేచినా కనపడదు, మ్యాట్‌లో దొరుకుతుంది. డిజైన్లు ఉండవు, ఉప్పు మిరియాలు చల్లినట్టు చుక్కలు ఉంటాయి అంతే, అందుకే షోరూమ్‌లో ముందు వరసలో పెట్టరు, అడిగితే గోడౌన్ లోంచి తీస్తారు.

మోకాలి ఆపరేషన్ అయిన మనిషి ఉన్న ఇంట్లో మెరిసే టైల్ మాట ఎత్తకండి. బాక్స్ మీద ఆర్9, ఆర్10, ఆర్11 అని జారుడు రేటింగ్ ఉంటే చూడండి, అంకె పెరిగేకొద్దీ పట్టు ఎక్కువ. ఇంటి వంటింటికి ఆర్10 చాలు. ఆర్11, ఆర్12 అంటే గరుకు ఎక్కువై జిడ్డు పట్టేస్తుంది, చీపురు అరుగుతుంది గానీ మురికి వదలదు.

పేట_కోడలు
జనవరి 21, ఉదయం 10:30

సారూ ఇంత వివరంగా ఏ షాపువాడూ చెప్పలేదు, దండం. మరి గ్రానైట్ సంగతేంటండీ? మామయ్యగారు పట్టుబట్టి కూర్చున్నారు. మార్టూరులో కట్ పీసులు చాలా తక్కువకి ఇస్తారంట, ఎవరో చెప్పారంట.

సివిల్_సారు
జనవరి 21, ఉదయం 11:10

మామయ్యగారు చెప్పింది తప్పేం కాదు. పెద్ద స్లాబ్ కోయగా మిగిలిన ముక్కలు అడుగు బై రెండడుగులు, రెండు బై రెండు అలా సైజు చేసి అమ్ముతారు. గట్టిదనంలో గ్రానైట్‌ని మించింది లేదు, పులుపుకీ చలించదు. కానీ మూడు చూడండి. ముక్కలన్నీ ఒకే మందం ఉండవు, ఒకటి 15 మిల్లీమీటర్లు ఉంటే ఇంకోటి 18, పరిచే మేస్త్రీకి చుక్కలు కనిపిస్తాయి. రంగు ఒక లాట్‌కి ఇంకో లాట్‌కి కలవదు. మూడోది, పాలిష్ గ్రానైట్ తడిస్తే జారుతుంది. లెదర్ ఫినిష్ అని వస్తుంది, జారదు, దానికి రేటు వేరే.

బనగానపల్లె_బుజ్జి
జనవరి 21, మధ్యాహ్నం 12:02

లేత రంగు గ్రానైట్ అయితే నూనె కూడా తాగుతాది సారూ. మా పిన్నమ్మ వాళ్ళింట్లో పొయ్యి ముందర నల్లగా చెమ్మ పట్టినట్టు ఒక మచ్చ, అది చెమ్మ కాదు పదేళ్ళ పోపుల నూనె.

ఇందూరు_చిన్నోడు
జనవరి 21, మధ్యాహ్నం 1:15

అందరు తాండూరు బండను మర్శిండ్రు. మా నాయన బాధపడ్తడు.

వైజాగ్_వదిన
జనవరి 21, మధ్యాహ్నం 3:30

పేటమ్మా, నా మాట విని శాంపిల్స్ ఇంటికి తెచ్చుకో. షోరూమ్ లైట్ల కింద అన్నీ బాగుంటాయి. నేను ఐవరీ రంగు తెచ్చి మూడేళ్ళుగా సిలిండర్ కింద తుప్పు గుండ్రాన్ని చూస్తూ ఏడుస్తున్నా. తడి నేల మీద సిలిండర్ అడుగున ఉన్న ఇనుము తుప్పు వదులుతుంది కదా, చపాతీ అంత గుండ్రం, సందుల్లో అయితే పోనే పోదు.

పేట_కోడలు
జనవరి 25, రాత్రి 9:15

వదినగారు చెప్పినట్టే చేశాం. మెరిసే ఐవరీ డబుల్ ఛార్జ్ ఒకటి, బూడిద రంగు గరుకు జీవీటీ ఒకటి, చుక్కల మ్యాట్ ఫుల్ బాడీ ఒకటి, మామయ్యగారి మాట తీసేయలేక పాలిష్ పట్టిన బూడిద గ్రానైట్ ముక్క ఒకటి, పక్కింటివాళ్ళ పెరట్లో పడున్న నాపరాయి ముక్క ఒకటి (ఇందూరు తమ్ముడి కోసం, అదీ ఇదీ ఒకే జాతి అన్నారుగా). షాపువాడు శాంపిల్స్‌కి డబ్బులు కట్టించుకుని తిరిగి ఇస్తే వెనక్కి ఇస్తానన్నాడు.

రాత్రి పడుకునేముందు అన్నిటి మీద వరసగా ఒక చుక్క పసుపు కలిపిన నూనె, ఒక చెంచా చింతపండు పులుసు పోసి వదిలేశాను. పొద్దున్న మా అత్తయ్య లేచి చూసి ఏదో దిష్టి తీశారనుకుని అటువైపే వెళ్ళలేదట.

తుడిచాక చూస్తే ఐవరీది గుడ్డతో ఒక్క రాపుకి పోయింది. గరుకు జీవీటీ మీద పసుపు గుంటల్లో దూరి కూర్చుంది, బ్రష్ పెట్టి తోమితే గానీ పోలేదు, పోయాక కూడా పచ్చగా నీడలా ఉంది. చుక్కలది సబ్బు నీళ్ళతో రెండు మూడు రాపులకి పోయింది. గ్రానైట్ మీద పులుసు ఏం చేయలేదు గానీ నూనె చుక్క ఉన్నచోట ముదురు మచ్చ ఉంది, రెండు రోజులకి కొంచెం తగ్గింది. నాపరాయి మీద బుజ్జిగారు చెప్పింది చెప్పినట్టే, పులుసు పడినంత మేర తెల్లటి గుండ్రం.

తర్వాత జారుడు పరీక్ష. నీళ్ళు చల్లి రెండు చుక్కల నూనె వేసి మా ఆయన్ని ఒట్టి కాళ్ళతో నిలబడమన్నా, ఆయన గుమ్మం పట్టుకునే నిలబడ్డారు లెండి. ఐవరీ మీద కాలు పెట్టీ పెట్టగానే సర్రున పోయింది. గ్రానైట్ దాదాపు అంతే. చుక్కలది కొంచెం కదిలింది గానీ పట్టింది. గరుకుది కదలనే లేదు. నాపరాయి పాలిష్ లేనిది కాబట్టి అదీ బాగానే పట్టింది. అత్తయ్య ఇదంతా చూసి నల్లబండ, తెల్లబండ ఏదైనా పర్లేదు ఆ చుక్కలదే వేయించండి అనేశారు. మామయ్యగారు ఏం మాట్లాడలేదు, పేపర్ చదువుకుంటున్నారు.

అడుగు 58 చెబుతున్నాడు, జీఎస్టీతో కలిపి. ఎన్ని బాక్సులు తీసుకోవాలి?

తాపీ_వారి_అబ్బాయి
జనవరి 25, రాత్రి 10:02

రెండు బై రెండు అంటారు గానీ అది 600 మిల్లీమీటర్లు, అంటే రెండడుగులకి కొంచెం తక్కువ. నాలుగు టైల్స్ బాక్సుకి పదిహేనున్నర అడుగులు వస్తుంది. మీ 120కి, కటింగ్‌లో పోయేదానికి పదో వంతు వేసుకోండి, స్కర్టింగ్‌కి (గోడ అడుగున వేసే పట్టీ) ఒక ఎనిమిది, మొత్తం 140. తొమ్మిది బాక్సులంటే 139న్నర, సరిగ్గా అంచు మీద ఉంది. పది తీసుకోండి. మిగిలిన టైల్స్ అటక మీద దాచండి, రేపు పైపు కోసం ఒకటి పగలగొడితే అదే లాట్ మళ్ళీ దొరకదు. బాక్సుల మీద బ్యాచ్ నంబరు, షేడ్ నంబరు పదింటికీ ఒకటే ఉన్నాయో లేదో దించుకునేటప్పుడే చూసుకోండి, పరిచాక చూస్తే ఏడవడానికి తప్ప దేనికీ పనికిరాదు.

ఇంకోటి, కొంతమంది మేస్త్రీలు ప్లాట్‌ఫాం కింద టైల్ వేయకుండా పాతదే వదిలేసి సిమెంటు రాసేస్తారు, ఎవరు చూస్తారులే అని. సిలిండర్ ఉండేదీ, బొద్దింకలు ఉండేదీ, నీళ్ళు నిలబడేదీ అక్కడే. ఒప్పుకోవద్దు.

తెగ_సందేహాలు
జనవరి 26, ఉదయం 9:00

పార్కింగ్ టైల్ వేస్తే? కారు ఎక్కినా పగలదు కదా, సిలిండర్ ఎంత.

తాపీ_వారి_అబ్బాయి
జనవరి 26, ఉదయం 9:20

కారు కింద అన్నం మెతుకులు పడవు కదా అన్నా. వాటికి గాళ్ళు ఉంటాయి, రోజూ టూత్ బ్రష్‌తో కడుగుతావా.

పేట_కోడలు
ఫిబ్రవరి 8, రాత్రి 8:20

పగలగొట్టడం మొదలైంది. తాపీ తమ్ముడూ నీ నోట చక్కెర పోయాలో ఏం చేయాలో తెలియట్లేదు. సింకు దగ్గర టైల్స్ లేపితే కింద మట్టి ముద్ద ముద్దగా ఉంది, చెయ్యి పెడితే మోచేతి దాకా దిగింది. వాసన. ప్లంబర్‌ని పిలిచి తవ్వించాం, సింకు పైపు గోడలోకి వెళ్ళేచోట మలుపు దగ్గర జాయింట్ ఊడి పక్కకి జరిగింది, గిన్నెలు కడిగిన నీళ్ళు సగం తూములోకి, సగం నేల కిందకి. ఎన్నేళ్ళ నుంచో. మామయ్యగారు ఆ గోతి పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని ఇంటి పునాది సంగతేంటి అని ఒకటే దిగులు.

సివిల్_సారు
ఫిబ్రవరి 8, రాత్రి 9:05

గోడలకి పగుళ్ళు ఏమైనా ఉన్నాయా? ముఖ్యంగా సింకు ఉన్న గోడకి, కింద నుంచి ఏటవాలుగా? లేకపోతే కంగారు అక్కర్లేదని చెప్పండి పెద్దాయనకి. అయినా ఆ గోడ పునాది దగ్గర మట్టి ఎంత లోతుదాకా తడిసిందో మీ ఊళ్ళో ఎవరైనా ఇంజనీర్‌కి ఒకసారి చూపించడం మంచిది.

ఆ తడి మట్టి మొత్తం తీసేయండి, దాని మీదే పొడి మట్టి పోసి కప్పేయకండి. క్రషర్ పొడి పోసి, నీళ్ళు చల్లి, ఆరంగుళాలకి ఒకసారి దిమ్మిస కొట్టించండి. దాని మీద మూడంగుళాల కాంక్రీట్ బెడ్. పైపు కొత్తది వేశాక తూము మూసి నీళ్ళు నింపి ఒక రాత్రి ఉంచి చూడండి మట్టం తగ్గుతోందేమో. అది చూడకుండా టైల్ వేస్తే ఇంత చేసీ దండగ.

వాటం మర్చిపోవద్దు. రోజూ నీళ్ళు పోసే ఇల్లు కదా, గుమ్మం నుంచి తూము దాకా అంగుళంపైన తేడా ఉండాలి. మేస్త్రీ రసమట్టం పెట్టి అద్దంలా సమానంగా వేశా చూడండి అని మురిసిపోతాడు, అలా సమానంగా ఉంటే నీళ్ళు మధ్యలో మడుగు కడతాయి.

పేట_కోడలు
ఫిబ్రవరి 8, రాత్రి 9:40

పగుళ్ళు లేవండీ, ఇందాకే టార్చి వేసి చూశాం. రేపు ఎవరినైనా ఇంజనీర్‌ని తీసుకొచ్చి చూపిస్తామన్నాక మామయ్యగారు లేచి భోజనానికి వచ్చారు.

వైజాగ్_వదిన
ఫిబ్రవరి 9, ఉదయం 7:45

వంట ఎక్కడ చేస్తున్నావమ్మా పాపం?

పేట_కోడలు
ఫిబ్రవరి 9, ఉదయం 8:10

వరండాలో ఒంటి పొయ్యి పెట్టుకుని వదినగారూ. పప్పు, చారు, ఏదో ఒక వేపుడు, అంతే. దుమ్ము పడకుండా చీర కట్టాను అడ్డంగా. పిల్లలు పిక్నిక్‌లా ఉందంటున్నారు, నాకేమో ఒక్కో గిన్నె కోసం హాల్లో నాలుగు అట్టపెట్టెలు వెతకాల్సి వస్తోంది. పోపుల డబ్బా రెండు రోజులు దొరకలేదు.

సందుల విషయం ఒకటి అడగాలి. మా మేస్త్రీ టైల్‌కి టైల్ ఆనించి వేస్తా, గీత కూడా కనపడదు అంటున్నాడు. అదే ఫ్యాషన్ అంట.

తాపీ_వారి_అబ్బాయి
ఫిబ్రవరి 9, మధ్యాహ్నం 12:40

వద్దక్కా. మీ పేట, మా తెనాలి ఎండలు తెలుసుగా. వేసవిలో టైల్ కొంచెం సాగుతుంది, సందు లేకపోతే ఒకదాన్నొకటి నెట్టుకుని మధ్యలో గుడారంలా లేస్తాయి, అర్ధరాత్రి టపాకాయ పేలినట్టు శబ్దం వస్తే దొంగలనుకుని లేచినవాళ్ళు ఉన్నారు. మూడు మిల్లీమీటర్ల స్పేసర్ పెట్టించండి. గోడ దగ్గర కూడా కొంచెం వదలమనండి, స్కర్టింగ్ వచ్చాక అది ఎలాగూ కనపడదు.

సందుల్లో సిమెంటు గ్రౌట్ కాకుండా ఎపాక్సీ (రెండు డబ్బాలవి కలిపితే గట్టిపడే జిగురు) వేయించండి. మీ అత్తయ్యగారి యాసిడ్‌కి సిమెంటు గ్రౌట్ ఆర్నెల్లు కూడా ఆగదు. ఎపాక్సీ నీళ్ళు పీల్చదు, పసుపు అంత తేలిగ్గా పట్టదు. రేటు ఎక్కువే, మేస్త్రీలు కూడా గొణుగుతారు, చేతులకి జిగురు అంటుకుంటుంది, గట్టిపడేలోపు తుడవాలి, అందుకని కూలి ఎక్కువ అడుగుతారు. ముదురు బూడిద రంగు తీసుకోండి. తెల్లది వేస్తే నెలకే నల్లది అవుద్ది.

ఇందూరు_చిన్నోడు
ఫిబ్రవరి 9, మధ్యాహ్నం 1:30

గిదొక్కటి కరెక్ట్ చెప్పినవ్ అన్నా. మా అత్తమ్మోళ్ళ ఇంట్ల పోయిన మే నెలల హాల్ నడిమిట్ల ఆరు టైల్స్ లేశినయి. గందుకే నేను బండలు బండలు అని మొత్తుకునేది.

పేట_కోడలు
మార్చి 2, రాత్రి 9:30

అయిపోయిందండీ. పది రోజులైంది వంటింట్లోకి వచ్చి. ఆలస్యంగా చెబుతున్నందుకు ఏమనుకోకండి, పెట్టెలు సర్దుకోవడానికే వారం పట్టింది. పునాది కూడా ఒక ఇంజనీర్ గారు వచ్చి చూసి భయం లేదన్నారు.

ఖర్చు అడుగుతారని రాసి పెట్టుకున్నా. టైల్స్ 8,990. పాతవి పగలగొట్టి ట్రాక్టర్‌లో పంపడానికి 4,000. మేస్త్రీ కూలి 4,200. ఇసుక, సిమెంటు, క్రషర్ పొడి 3,200. ఎపాక్సీ, దాని కూలి కలిపి 4,900. ప్లంబర్ 1,800. గ్రానైట్ ముక్క 600. మొత్తం 27,690, అనుకున్నదానికి రెండున్నర వేలు పైన. ఆ ఎపాక్సీ, ఆ పైపు లేకపోతే లోపే అయిపోయేది, కానీ ఆ రెండూ లేకపోతే చేయించి ఉపయోగం లేదు అని ఇప్పుడు అర్థమైంది.

గ్రానైట్ ముక్క ఏంటంటే, మామయ్యగారి మాట కూడా ఉన్నట్టు ఉంటుందని సిలిండర్ నిలబెట్టే చోట రెండడుగుల నల్ల కట్ పీసు వేయించాం. అక్కడ ఎవరూ నడవరు కాబట్టి జారే బాధ లేదు, తుప్పు గుండ్రం పడినా నలుపులో కనపడదు. ఇంటికి ఎవరొచ్చినా ఆయన ముందు ఆ ముక్కే చూపిస్తున్నారు. సిలిండర్‌కి చక్రాల స్టాండు కూడా కొన్నాం, ఈడ్పులు బంద్.

వాటం బాగా కుదిరింది, గుమ్మం దగ్గర చెంబు నీళ్ళు పోస్తే తూము దాకా వాటంతట అవే వెళ్తున్నాయి, అత్తయ్య రెండు రోజులు అదే పనిగా పోసి చూసుకున్నారు. యాసిడ్ సీసా మాత్రం బాత్రూమ్ అల్మరాలో పెట్టి తాళం వేశాను.

ఒక తప్పు జరిగింది, మీకు చెప్పాలి. ఎపాక్సీ వేసే చివరి రోజు మధ్యాహ్నం కూలీవాళ్ళు అన్నానికి వెళ్ళారు, గుమ్మం దగ్గర రెండు టైల్స్ మీద తుడవకుండా వదిలేశారు. తిరిగొచ్చేసరికి గట్టిపడింది. ఆ రెండిటి మీద మసక పొరలా ఉండిపోయింది, ఎండ పడే వేళ పక్క నుంచి చూస్తే కనిపిస్తుంది. ఏం పెట్టి తోమినా పోలేదు.

తాపీ_వారి_అబ్బాయి
మార్చి 2, రాత్రి 10:10

ఎపాక్సీ పొర తీసే లిక్విడ్ అమ్ముతారు అక్కా, గ్రౌట్ కొన్న షాపులోనే అడగండి. ముందు మూలన ఒక చిన్న చోట వేసి చూసుకోండి. పది రోజులైంది కాబట్టి మొత్తం పోతుందని చెప్పను. డబ్బాలు విప్పి కలిపాక అన్నానికి వెళ్ళేవాడు మేస్త్రీయేనా అసలు.

వైజాగ్_వదిన
మార్చి 3, ఉదయం 8:00

గుమ్మం దగ్గరే కదా, పట్టా వేసేయ్. అత్తయ్యగారికి నచ్చిందా?

పేట_కోడలు
మార్చి 3, ఉదయం 10:25

నచ్చింది వదినగారూ, చెయ్యి గోడకి ఆనించకుండా నడుస్తున్నారు ఇప్పుడు. ఒక్కటే కంప్లైంట్. ఈ చుక్కల్లో ఆవాలు పడితే కనపడట్లేదంట. నిన్న పోపుల డబ్బా చెయ్యి జారింది, అంతా ఊడ్చాం, ఇద్దరం వంగి వంగి వెతికాం, ఏమీ లేవనుకున్నాం. రాత్రి మంచినీళ్ళకి చీకట్లో వెళ్తే అరికాళ్ళకి ఇరవై తగిలాయి.